వస పెంపకం, వాడకం: నూతి కాలవ నుంచి సానరాయి దాకా

వస దుంప ఎక్కడ దొరుకుతుంది? కుండీలో వస్తుందా? పసిబిడ్డకి ఎన్నో రోజున పొయ్యాలి? ఈ మూడు ప్రశ్నలూ వినకుండా నాకు వారం గడవదు. పర్లాకిమిడిలో మా ఇంటి వెనక, నూతి కాలవ పక్కన చిన్న వస మడి ఉంది. అటు గుణుపురం నుంచీ ఇటు పాతపట్నం నుంచీ చుట్టాలొచ్చినప్పుడల్లా తలో దుంపా పట్టుకెళ్తారు. నెల తిరక్కుండా "ఎండిపోయింది పిన్నీ" అని ఫోను. అందుకని ఈసారి మొదటినుంచీ వరసగా రాసేస్తున్నాను.

మొదటి రెండు ప్రశ్నలకీ జవాబు సులువే. మూడోదానికి నేను చెప్పే జవాబు మా ఇంట్లోనే సగం మందికి రుచించలేదు. అది పన్నెండో అంకె దగ్గరుంది. ఇంట్లో బాలింత ఉంటే ముందు అక్కడికెళ్ళి చదివి, తర్వాత వెనక్కి రండి.

1. మొక్కని ముక్కుతో గుర్తుపట్టండి

దూరం నుంచి చూస్తే వస మొక్కకీ జమ్ముకీ పెద్ద తేడా కనపడదు. ఆకు కత్తిలా నిలువుగా రెండు మూడడుగులు లేస్తుంది. దగ్గరికెళ్ళి ఆకు మీద వేలు పెట్టి రాయండి. నడి ఈనె సరిగ్గా మధ్యలో ఉండదు, ఓ పక్కకి జరిగి ఉంటుంది. ఆకు అంచు అక్కడక్కడ నలిగిన చీర కుచ్చెళ్ళలా ముడతలు పడి ఉంటుంది.

అసలు పరీక్ష వాసన. ఆకు చివర తుంచి నలిపితే ఘాటుగా, కాస్త తియ్యగా ముక్కుకి తగలాలి. తగల్లేదంటే అది వస కాదు, ఎవరెంత ఒట్టేసి చెప్పినా.

దుంప నేలలోకి దిగబడదు, మట్టి పైపొరలోనే అడ్డంగా పాకుతుంది. వేలి లావు, పైన గోధుమ రంగు, రాలిన ఆకుల మచ్చలు గీతలు గీతలుగా. కోస్తే లోపల తెలుపు, ఒక్కోసారి లేత గులాబీ. పూత వచ్చిందంటే ఆకులాంటి కాడకి పక్కనుంచి చిటికెన వేలంత పసుపుపచ్చ కంకి పొడుచుకొస్తుంది. మన దగ్గర అది గింజ కట్టడం అరుదు. కాబట్టి విత్తనాలు అమ్ముతామన్నవాళ్ళ దగ్గర ఆగకండి.

సంతలో సవర ఆడవాళ్ళ దగ్గర గానీ ఒడియా కొట్లో గానీ "బచ" అని అడగాలి. సంస్కృతంలో వచ, మరాఠీలో వేఖండ్, శాస్త్రం పేరు ఎకోరస్ కలామస్. కొన్ని కొట్లలో వస అని చెప్పి దుంపరాష్ట్రం చేతిలో పెడతారు. అది ఎర్రగా, గట్టిగా ఉంటుంది, విరిస్తే అల్లం జాతి వాసన వస్తుంది.

2. నాటేది పచ్చి దుంప, కొట్లో కొమ్ము కాదు

నేను చేసిన మొదటి తప్పు ఇదే. ఓ మూలికల కొట్లో అరకిలో వస కొమ్ము కొన్నాను. "నాటితే మొలుస్తుందా?" అనడిగితే "భేషుగ్గా మొలుస్తుందమ్మా" అన్నాడు. నలభై ముక్కలు బురదలో పెట్టాను. మూడు వారాలకి తీసి చూస్తే నలభైకి నలభై మెత్తగా నాని, వేళ్ళ మధ్య పేస్టులా జారిపోయాయి. ఎండిన కొమ్ములో మొగ్గ చచ్చిపోయి ఉంటుంది. ఔషధానికి పనికొచ్చింది నాటడానికి పనికిరాదు.

దుంప తెచ్చుకునేటప్పుడు చూడాల్సినవి:

- చేతిలో బరువుగా ఉండాలి
- గోరుతో గీరితే తడి కనిపించాలి
- చివర తెల్లని లేక లేతాకుపచ్చ మొగ్గ బతికి ఉండాలి
- మెత్తటి మచ్చలు, కుళ్ళు వాసన ఉండకూడదు
- నాలుగు అంగుళాల ఆకు మొదలు అంటిపెట్టుకుని ఉంటే ఇంకా మంచిది

తెచ్చిన రోజే నాటలేకపోతే తడి గోనెలో చుట్టి నీడన పెట్టండి. నాలుగైదు రోజులు ఆగుతుంది. ప్లాస్టిక్ సంచిలో మూతి కట్టిపెడితే రెండో రోజుకే ఆవిరి పట్టి కుళ్ళు మొదలవుతుంది.

కొండవాగు పక్కన కనిపించిందని గుబురు మొత్తం లాగెయ్యకండి. కొసన పాకుతున్న రెండు ముక్కలు చాలు. ఏడాదిలో అవే పది అవుతాయి.

3. చోటు, నేల, కాలం

వరి పండే చోట వస పండుతుంది. వరికి నీళ్ళెక్కువై పాడయ్యే పల్లపు మూలలో ఇంకా బాగా పండుతుంది. కాశీనగర్ వైపు వంశధార ఒండ్రు నేలలు, మహేంద్రతనయ పక్క జిగురు నేలలు, రెండూ దీనికి సరిపోతాయి. రోజూ నాలుగైదు గంటలైనా ఎండ తగలాలి. కొబ్బరి చెట్ల కింద పెడితే ఆకు ఏపుగా పెరుగుతుంది గానీ దుంప ఊరదు.

ఒక్క జాగ్రత్త. నూతి దగ్గర పారే మంచినీళ్ళ కాలవ వేరు, స్నానాల గది, వంటిల్లు నుంచి వచ్చే మురుగు వేరు. మురుగునీటిని శుభ్రం చెయ్యడానికి కట్టే మడుల్లో నాటే మొక్కల్లో వస కూడా ఒకటి. నీళ్ళలో ఉన్న చెడ్డ లోహాల్ని అది దుంపలోకి లాక్కుంటుంది. మురుగు దగ్గర పెంచుకోండి, బురద వాసన తగ్గుతుంది. ఆ దుంప మాత్రం ఒంటికి రాయకండి, ఇంట్లోకే తేకండి.

మన వైపు నాటడానికి మంచి అదను మృగశిర కార్తె నుంచి జూలై నెలాఖరు దాకా. బోరో నుయ్యో ఉండి నీటికి లోటు లేనివాళ్ళు మార్చిలోనే పెట్టుకోవచ్చు. ఎండాకాలంలో ఒక్క వారం తడి ఆరిపోయినా మొక్క వెనకబడుతుంది కాబట్టి నేను వానల కోసమే ఆగుతాను.

4. నాటడం

మడిని వరికి చేసినట్టే దమ్ము చెయ్యండి. సెంటుకి నలభై యాభై కిలోల బాగా మాగిన గెత్తం (పశువుల ఎరువు) చివరి దమ్ములో కలిపెయ్యండి. పచ్చి పేడ వద్దు, మొగ్గ మాడుతుంది. దమ్ము చేశాక రెండు రోజులు బురద తేరుకోనివ్వాలి. అప్పుడు:

1. దుంపని పదునైన కత్తితో రెండు మూడు అంగుళాల ముక్కలు కొయ్యండి. ప్రతి ముక్కకీ ఒక మొగ్గ ఉండాలి.
2. ఆకు ఉంటే పైనుంచి కత్తిరించి జానెడు మిగల్చండి. పొడుగు ఆకు గాలికి ఊగి ముక్కని పైకి లాగేస్తుంది.
3. కోసిన ముక్కల్ని ఒక పూట నీడన ఆరనివ్వండి. కోత మీద పొర కడుతుంది.
4. తాడు కట్టి, అడుగుకి అడుగు దూరంలో నాటండి. సెంటంటే 435 చదరపు అడుగులు, కాబట్టి 435 ముక్కలు పడతాయి. ఓ ఇరవై ఎక్కువ కోసి ఉంచుకోండి, చావులకి పనికొస్తాయి.
5. ముక్కని పడుకోబెట్టి, మొగ్గ పైకి ఉండేలా, రెండంగుళాల లోపు బురదలో నొక్కండి. పక్క వరసలో ముక్కలు దీని సందుల్లోకి రావాలి.

అందరూ చేసే తప్పు, అల్లం పెట్టినట్టు నాలుగంగుళాలు పాతెయ్యడం. వస పైపైన పాకే దుంప. లోతు పెడితే ఉన్న సత్తువంతా పైకి రావడానికే ఖర్చైపోతుంది. వేళ్ళతో బురద కదిపి చూస్తే దుంప వీపు తగలాలి, అదీ సరైన లోతు.

5. నీళ్ళు, కలుపు, తొక్కడం

మొదటి రెండు వారాలు బురద మెరుస్తూ ఉంటే చాలు. మొగ్గ మీదికి నీళ్ళెక్కితే ఊపిరాడక కుళ్ళుతుంది. ఆకు జానెడు లేచాక రెండంగుళాల నీళ్ళు నిలపండి, గుబురయ్యాక నాలుగంగుళాలకి పెంచండి. వారానికోసారి పాత నీళ్ళు తీసి కొత్తవి పెడితే నాచు పట్టదు.

కలుపు మొదటి మూడు నెలలే బెడద. తుంగని బొరిగెతో గీకితే లాభం లేదు, గడ్డతో సహా చేత్తో పీకాలి. నెలకోసారి చాలు. తర్వాత వస గుబురే దాన్ని పైకి రానివ్వదు.

కలుపు తీసిన ప్రతిసారీ చెయ్యాల్సిన పని ఒకటుంది. దీన్ని ఎవరూ చెప్పరు, అందుకే సగం మంది పంట పలచబడుతుంది. కలుపు పీకినప్పుడు దుంప వేళ్ళు కదిలి పైకి తేలతాయి. ఒక్కో మొక్క మొదట్లో కాలి మడమతో మట్టిని నొక్కుతూ వెళ్ళాలి. నాట్లకొచ్చే ఆడవాళ్ళు దీన్ని చూసి నవ్వుతారు. నవ్వనివ్వండి.

2018 అక్టోబరులో తిత్లీ తుఫానప్పుడు మా కాలవ పొంగి మడి మీద ఆరంగుళాల ఇసుకమేట వేసింది. ఆకులన్నీ నేలకి అతుక్కుపోయాయి. చచ్చిందనుకుని పదిరోజులు అటే చూడలేదు. పదకొండో రోజు చేత్తో తవ్వితే మేట మధ్యలో ఉన్నవి పాసిపోయి కంపు కొడుతున్నాయి, గట్టు పక్కన ఇసుక పలచగా పడ్డవి మాత్రం తెల్లని మొగ్గలేసి ఉన్నాయి. నీళ్ళు తీసిన మర్నాడే మేట తోడేసి ఉంటే మొత్తం దక్కేది. వరదకి వస చావదు, కప్పడిపోతే చస్తుంది.

మిగతా ఇబ్బందులు టూకీగా:

- ఆకు కొసలు ఎండుతున్నాయా? నీళ్ళు చాలడం లేదు.
- ఆకు మొత్తం పాలిపోతోందా? గెత్తం చాల్లేదు. పలచటి పేడ నీళ్ళు నెలకోసారి పొయ్యండి.
- మొదట్లో తెల్లటి పిండినల్లి ఉందా? ఆ ఆకులు కోసి దూరంగా పారేసి, వేపనూనె సబ్బు నీళ్ళలో కలిపి కొట్టండి.
- ముక్కలు ఒకే చోట వరసగా చస్తున్నాయా? అక్కడ మడి గుంట పడింది. చదును చేసి ఉంచుకున్న ముక్కల్తో పూడ్చండి.
- గేదె పడిందా? తినదు లెండి, తొక్కుతుంది. కంచె గట్టిగా వెయ్యండి.

6. కుండీలో

వస్తుంది. కింద కన్నం లేని తొట్టి కావాలి, అడుగు లోతు, వెడల్పు ఎంతుంటే అంత మంచిది. మూతి పగిలిన గోలెం, పాత సిమెంటు తొట్టి భేషుగ్గా పనికొస్తాయి. రెండు వంతుల చెరువు మట్టి, ఒక వంతు మాగిన గెత్తం కలిపి ముప్పాతిక దాకా నింపి నాలుగు ముక్కలు పెట్టండి. నీళ్ళు నిలబెడితే దోమలు గుడ్లు పెడతాయి కాబట్టి డాబా మీద బురద తడి మాత్రమే ఉంచండి. నీళ్ళే నిలపాలంటే నాలుగు గప్పీ చేపలు వదలండి.

ఏడాదికి గుప్పెడు దుంప వస్తుంది. ఒక కుటుంబానికి అదే ఎక్కువ.

7. తవ్వడం

జూన్‌లో పెట్టింది మాఘమాసానికి తవ్వుకోవచ్చు. ఏడాది నిండనిస్తే దుంప లావెక్కి ఘాటు పెరుగుతుంది. ఆకు పసుపు తిరిగి కింది నుంచి ఎండడం మొదలైతే సిద్ధమైనట్టు.

వారం ముందు నీళ్ళు కట్టేసి, అడుగు మెత్తగా ఉండగా పారతో పక్కనుంచి ఎత్తండి. గునపం వేస్తే దుంప చీలిపోతుంది. వేళ్ళు అడుగు పైనే పక్కలకి పాకి ఉంటాయి, అందుకని మొక్క మొదట్లో కాకుండా వరసల మధ్య పార దింపాలి.

తవ్విన దాంట్లో మొగ్గలున్న కొసలు విరిచి తడి గోనెలోకి, మళ్ళీ నాటడానికి. లావుగా ఉన్న నడిమి ముక్కలు చాటలోకి, ఎండబెట్టడానికి. ఈ వేరుచెయ్యడం మడి గట్టు మీదే అయిపోవాలి. ఇంటికి తెచ్చాక అన్నీ కలిపి కడిగేస్తారు, మొగ్గలు ఊడిపోతాయి.

8. ఎండబెట్టడం

పంట ఎంత బాగా పండినా ఇక్కడ పాడుచేసుకునేవాళ్ళే ఎక్కువ. వస గుణమంతా అందులోని నూనెది. ఆ నూనె గాల్లోకి ఎగిరిపోయే రకం. నేను ఒకసారి తొందరపడి ఏప్రిల్ ఎండలో రేకుల మీద పరిచాను. రెండు రోజుల్లో కట్టెల్లా ఎండాయి. విరిచి వాసన చూస్తే ఏమీ లేదు, ఎండు తాటిమట్ట వాసన.

చెయ్యాల్సిన వరస ఇది:

1. పీచు వేళ్ళు, ఆకు మొదళ్ళు కత్తితో తీసెయ్యండి.
2. పారే నీళ్ళలో గబగబా కడగండి. నానబెట్టకండి.
3. రెండంగుళాల ముక్కలు కొయ్యండి. మరీ లావైతే నిలువుగా ఒక్క చీలిక.
4. మొదటి రోజు పొద్దుటి ఎండలో రెండు మూడు గంటలు, పై తడి ఆరడానికి మాత్రమే.
5. తర్వాత గాలాడే వసారాలో తాటాకు చాప మీద ఒకే పొరగా పరవండి. రోజుకొకసారి తిరగెయ్యండి. పది పన్నెండు రోజులు పడుతుంది.
6. ఎండాక గోనె పట్టాలో వేసి ఇద్దరు చెరో కొసా పట్టుకుని అటూ ఇటూ రుద్దండి. మిగిలిన పొలుసు, పీచు రాలిపోతుంది. చాటలో చెరగండి.

ఎండిందో లేదో విరిచి చూడాలి. వంగితే కాలేదు. టప్‌మని విరిగి, విరిగిన చోట పిండిలా తెల్లగా, ముక్కు దగ్గర పెట్టుకుంటే కళ్ళు చెమర్చేంత ఘాటుగా ఉంటే అయినట్టు. మా మడి లెక్కలో నాలుగు కిలోల పచ్చి దుంపకి కిలో పైచిలుకు కొమ్ము దిగుతుంది.

గాజు సీసాలో గాని మూత బిగిసే స్టీలు డబ్బాలో గాని పెట్టి, చీకట్లో ఉంచండి. సీసా మీద ఏ నెలలో ఎండిందో రాసుకోండి. శ్రావణ భాద్రపదాల్లో ఒకసారి మూత తీసి చూడాలి, ఎక్కడైనా నల్లని బూజు చుక్క కనపడితే ఆ ముక్కని కడిగి వాడదామనుకోకండి, పారెయ్యండి.

9. విత్తనాల గాదెలో

నన్నడిగితే వస పెంచడానికి అన్నిటికంటే పెద్ద కారణం ఇదే. మినుములు, పెసలు, కందులు విత్తనానికి దాచుకుంటే పుచ్చు పురుగు పడుతుంది. వస పొడికి ఆ పురుగు దగ్గరికి రాదు, వచ్చినా గుడ్లు సరిగా పెట్టదు.

కిలో విత్తనానికి పది గ్రాముల మెత్తటి పొడి. విత్తనం పంటి కింద కటుక్కుమనేలా ఎండి ఉండాలి. చల్లారాక పొడి పట్టించి, డబ్బాలో పోసి మూత పెట్టెయ్యండి. ఎండలోంచి తీసిన వేడి గింజకి పట్టిస్తే లోపల చెమ్మ పట్టి బూజొస్తుంది.

డబ్బా మీద "విత్తనం, తినకూడదు" అని పెద్దక్షరాలతో రాయండి. ఇంట్లో అందరికీ నోటితో కూడా చెప్పండి. తినే పప్పుకి వస పొడి కలపొద్దు, ఆముదం పట్టించే పాత పద్ధతే మేలు.

పొడి కొట్టేటప్పుడు ముక్కుకి గుడ్డ కట్టుకోండి. ఇంటి మిక్సీలో వెయ్యకండి, నెల రోజులు పచ్చడి కూడా వస వాసనే. నాకొక పాత రోలు దీనికోసమే ఉంది.

10. పైపూతలు

మన పెద్దలు వసని ఒంటి మీద వాడిన తీరులో కొన్ని ఇప్పటికీ మా ఇంట్లో నడుస్తున్నాయి. ఇవి ఉపశమనానికి, అంతే. రెండు రోజుల్లో తగ్గని నొప్పికి డాక్టరే.

*తలనొప్పి, జలుబు బరువు:* సానరాయి మీద నీళ్ళ చుక్కతో కొమ్ముని గంధంలా అరగదీసి, నుదుటికి పలచగా. మంట పుడితే వెంటనే కడిగెయ్యాలి. ఆరాక తుడిచెయ్యాలి, రాత్రంతా ఉంచక్కర్లేదు.

*మోకాళ్ళ పట్లు:* పావు లీటరు ఆముదంలో రెండు కొమ్ములు దంచి వేసి, సన్నని సెగ మీద పావుగంట కాచి వడకట్టాలి. గోరువెచ్చగా మర్దనా.

*పేలు:* వస గంధం కుదుళ్ళకి పట్టించి అరగంటకి కుంకుడుకాయతో తలంటు. పుండ్లున్న తలకి వద్దు, చిన్నపిల్లల తలకీ వద్దు, చేతులు నోట్లో పెట్టుకుంటారు.

మొదటిసారి వాడేవాళ్ళు ముందు మోచేతి లోపల చుక్క రాసి ఒక రోజు ఆగండి. ఎర్రబడితే మీ ఒంటికి పడదు. కళ్ళకి దూరం. దోమలకని వస కొమ్ము నిప్పుల మీద వేసి పొగ పెట్టేవాళ్ళు, పసిపిల్లలూ ఆయాసం ఉన్నవాళ్ళూ ఉన్న గదిలో మాత్రం ఆ పని చెయ్యకండి.

11. కడుపులోకి: ఎందుకు ఆగమంటున్నానంటే

ఆయుర్వేదంలో వసకి మేధ్యమని, అంటే బుద్ధికి మంచిదని పేరు. అదే ఆయుర్వేదంలో అది వమన ద్రవ్యం కూడా, అంటే వాంతి చేయించే మందు. రెండింటికీ మధ్య తేడా మోతాదే. మన ఆయుర్వేద ఫార్మకోపియాలో, అంటే మందుల ప్రమాణాల గ్రంథంలో, పొడి మోతాదు 60 నుంచి 120 మిల్లీగ్రాములు, వాంతి చేయించడానికైతే ఒకటి రెండు గ్రాములు. పావు టీస్పూను పొడి తూస్తే అర గ్రాము చుట్టుపక్కల ఉంటుంది. "చిటికెడే కదా" అన్నవాళ్ళ చిటికెలు నేను చూశాను.

పైగా వైద్యులు వాడే వస మన డబ్బాలోది కాదు. గోమూత్రంలోనూ కషాయాల్లోనూ ఉడికించి శుద్ధి చేశాకే మందులో కలుపుతారు. ఇంట్లో అది కుదిరే పని కాదు.

ఇంకో సంగతి. మన దేశపు వస నూనెలో బీటా అసరోన్ అనే పదార్థం ఎక్కువ. ఎలుకలకి ఎక్కువ కాలం పెట్టి చూస్తే పేగుల్లో కణుతులు వచ్చాయి. అందుకే అమెరికాలో 1968లోనే వసని తినే పదార్థాల్లో కలపకూడదని నిషేధించారు. మనిషికి ఒక్కసారి తింటే ఏదో అయిపోతుందని కాదు. రోజూ తేనెతో నాకించే అలవాటుకి మాత్రం ఇది గట్టి అడ్డే.

వీళ్ళు అసలు ముట్టకూడదు:

- గర్భిణులు, పాలిచ్చే తల్లులు
- పిల్లలు
- మూర్ఛ మందులు, నిద్రమాత్రలు, మానసిక వైద్యం మందులు వాడేవాళ్ళు
- లివరు జబ్బున్నవాళ్ళు

మిగతావాళ్ళు కావాలనుకుంటే చదువుకున్న ఆయుర్వేద వైద్యుణ్ణి అడిగి, ఆయన ఇచ్చిన మందే, ఆయన చెప్పినన్నాళ్ళే.

12. పసిబిడ్డకి వస పొయ్యడం

గలగలా మాట్లాడే పిల్లని చూసి "వస పోశారేటే దీనికి?" అంటాం. వసపిట్టలా వాగుతోందంటాం. మాటకీ వసకీ మన భాషలోనే ముడి పడిపోయింది. అందుకే ఈ సలహా చెప్పడం నాకు కష్టంగానే ఉంటుంది: బిడ్డ నాలుక మీద వస పెట్టకండి. ఇరవై ఒకటో రోజున వద్దు, మూడో నెలలో వద్దు.

కారణాలు ఒక్కొక్కటే. మూడు నాలుగు కిలోల బిడ్డకి సానరాయి మీద రెండు తిప్పులెక్కువైతే మోతాదు ఎన్నింతలయ్యిందో ఎవరికీ తెలీదు. వాంతి చేయించే మందది. వాంతులు, మత్తుగా పడిపోవడం, పాలు పట్టకపోవడం రావచ్చు. దాంతో కలిపే తేనె ఏడాది లోపు పిల్లలకి అసలు పనికిరాదు, అందులో ఉండగల బొటులిజం క్రిమి బీజాలు పసిపేగుల్లో విషం తయారుచేస్తాయి. సానరాయి ఎంత కడిగినా దాని గరుకులో మురికి ఉంటుంది. ఆరు నెలల దాకా బిడ్డకి తల్లిపాలు తప్ప మంచినీళ్ళు కూడా అక్కర్లేదు.

మాట త్వరగా రావడానికి వసకి బదులు బిడ్డతో మాట్లాడాలి. ఏడాదిన్నరకి ఒక్క మాటా రాకపోయినా, రెండేళ్ళకి "అమ్మ రా", "పాలు కావాలి" లాంటి రెండు మాటలు కలపకపోయినా, వెనకనుంచి పిలిస్తే తిరక్కపోయినా ముందు చెవుల పరీక్ష చేయించండి. వినపడని బిడ్డకి వస పోస్తూ ఏడాది పోగొట్టుకున్న ఇల్లు నాకు తెలుసు.

బిడ్డ మణికట్టుకి నల్లదారంతో వస ముక్కలు కట్టడం కూడా మానండి. నాలుగో నెల నుంచి చెయ్యి నోట్లోనే ఉంటుంది. ముక్క ఊడితే గొంతులో అడ్డం పడుతుంది. అంతగా కావాలంటే ఉయ్యాల పైదూలానికి, బిడ్డకి అందనంత ఎత్తులో కట్టుకోండి. కడుపుబ్బరానికి వసని కాల్చి ఆ మసి ఆముదంతో బొడ్డు చుట్టూ రాసే అలవాటు కూడా ఉంది. బొడ్డు ఊడి పూర్తిగా ఆరని బిడ్డకి అది చీము పట్టిస్తుంది. భుజాన వేసుకుని తేన్పు వచ్చేదాకా వీపు నిమిరితే ఉబ్బరం చాలావరకు దిగుతుంది.

ఎవరో ఇప్పటికే పోసేశారా? ఇవి చూసుకోండి:

- వాంతులు ఆగకపోవడం
- పిలిచినా లేవనంత మత్తు
- కాళ్ళూ చేతులూ కొట్టుకోవడం
- పెదాలు నీలం తిరగడం

ఒక్కటి కనపడినా 108కి ఫోను చేసి ఆస్పత్రికి వెళ్ళండి. ఉప్పునీళ్ళు పట్టి వాంతి చేయించొద్దు. మిగిలిన కొమ్ము ముక్క వెంట తీసుకెళ్ళి డాక్టరుకి చూపించండి, ఎవరు పోశారోనన్న గొడవ తర్వాత.

మా కోడలు పురిటికొచ్చినప్పుడు ఇంట్లో ఇదే పెద్ద రగడ. మా అమ్మ, తొంభైకి దగ్గర్లో ఉంది, ఉగ్గుగిన్నె తోమించి సిద్ధంగా పెట్టుకుంది. "గుంటకి వస పొయ్యరేటి? మూగదవ్వాలేటి?" అని మూడు రోజులు అన్నం దగ్గర అలిగింది. చెప్పి ఒప్పించడం నావల్ల కాలేదు. ఇరవై ఒకటో రోజు పొద్దున్న సానరాయి తనే కడిగి, మా మడిలో కొమ్ముని మూడు తిప్పులు తిప్పింది. కోడలు బిడ్డని ఒళ్ళో పెట్టుకుని, నాలుక వైపు కాకుండా కాళ్ళ వైపు తిప్పి పట్టుకుంది. అమ్మ ఒక్క క్షణం ఇద్దరి మొహాలూ చూసి, ఆ గంధం అరికాలికి చుక్కలా పెట్టింది. కాసేపటికి కోడలు తడిగుడ్డతో తుడిచేసింది. ఉగ్గుగిన్నెలో ఇప్పుడు నా విత్తనపు మినుములకి పొడి కొలుస్తున్నాను.